టారంటో వంతెన దాటి చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పుస్తకంలో దక్షిణ ఇటలీ మీద వచ్చిన పర్యాటక వ్యాసం చదివాను. బారీ, మతేరా, ఆల్బెరోబెల్లో, లెచ్చే అన్నిటి గురించీ ఓపిగ్గా రాశారు, ఫొటోలు కూడా బాగున్నాయి. టారంటో దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు: అది ఫ్యాక్టరీల ఊరు, చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, నేరుగా లెచ్చే వెళ్లిపోవచ్చు అని. (కెనడా టొరంటో కాదు, ఇటలీ బూటు మడమ లోపలి పక్కన సముద్రం ఒడ్డున ఉన్న టారంటో.) ఆ వాక్యం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. మీ పేపరు చదివి టికెట్లు బుక్ చేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లందరూ ఈ ఊరిని వదిలేసి పోతారేమోనని రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని వేయండి.

నేను విశాఖ స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి, పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో. మా మేనకోడలు బారీలో చదువుకుంటోంది. దాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు "మావయ్యా, నీకు రోమ్ కావాలా వెనిస్ కావాలా" అని అడిగితే టారంటో అన్నాను. యూరప్‌లోకెల్లా పెద్ద స్టీల్‌ప్లాంట్లలో ఒకటి అక్కడుందని సర్వీసులో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. పైగా నేవీ, పోర్టు, స్టీలు మూడూ ఒకేచోట ఉన్న ఊరు, మన విశాఖ లెక్కే. ప్లాంటు కోసం వెళ్లిన నన్ను ఊరు పట్టేసుకుంది. బారీ నుంచి రైల్లో గంటన్నర కూడా పట్టదు.

ముందు ఊరు ఎలా ఉంటుందో చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒక పక్క బయటి సముద్రం, దాన్ని మారే గ్రాండే అంటారు. ఇంకో పక్క లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి సరస్సులాంటిది, దాని పేరు మారే పిక్కొలో, అంటే చిన్న సముద్రం. ఈ రెంటికీ మధ్య చిన్న దీవి. ఆ దీవే పాత ఊరు, చీత్తా వెక్కియా. ఒక కొసన రాతి వంతెన రైల్వే స్టేషన్ వైపు కలుపుతుంది, ఇంకో కొసన తిరిగే వంతెన కొత్త ఊరి వైపు. ఆ కొస నుంచి ఈ కొసకి పావుగంట నడక. ఒకప్పుడు టారంటో అంటే ఈ దీవి మాత్రమే, జనమంతా ఇందులోనే ఉండేవారు.

స్టేషన్‌లో దిగగానే టాక్సీ ఎక్కకండి. నడవండి. రాతి వంతెన మీద నుంచి చూస్తే చిన్న సముద్రం కనబడుతుంది, నీళ్లలో వరసలు వరసలుగా కట్టిన తాళ్లు, వాటికి వేలాడే వలసంచుల్లో మస్సెల్స్ పెంచుతుంటారు. మనం ఆలిచిప్పలంటామే, ఆ జాతివే, నల్లగా పొడుగ్గా ఉంటాయి. సముద్రం అడుగు నుంచి మంచినీటి ఊటలు పైకి తన్నుకొస్తాయి, వాటిని చీత్రి అంటారు. ఆ మంచినీళ్లు కలవడం వల్లే ఇక్కడి మస్సెల్స్‌కి ఆ రుచి అని ఇటలీ అంతా చెప్పుకుంటారు. వంతెన దిగగానే ఫోంతానా చౌకు, దాని పక్కన చిన్న సముద్రం వెంబడే జాలర్ల వీధి. పడవలు అక్కడే కట్టేసి ఉంటాయి, వలలు అక్కడే ఆరేసి ఉంటాయి. ఒకాయన రోడ్డు మీదే బల్ల వేసుకుని కూర్చుని మస్సెల్స్ విప్పుతున్నాడు. ఎడంచేత్తో చిప్ప పట్టుకుని, బొటనవేలితో పై రేకుని కొంచెం పక్కకి నెట్టి, ఆ సందులో పొట్టి చాకు దూర్చి మణికట్టు ఒక్క తిప్పు తిప్పుతాడు. చిప్ప రెండుగా విడిపోతుంది, లోపల నారింజ రంగు మాంసం నీళ్లతో సహా కదలకుండా ఉంటుంది. చూస్తుండగానే గిన్నె నిండిపోయింది. పచ్చివే నిమ్మకాయ పిండుకుని తినడం ఇక్కడ పాత అలవాటు. నేను పచ్చివి తినలేదు గానీ మధ్యాహ్నం మిరియాలు వేసి ఉడికించినవి తిన్నాను, ఈ రోజుకీ ఆ రుచి నోట్లోనే ఉంది.

అక్కడి నుంచి పైకి ఎక్కితే అసలు పాత ఊరు మొదలవుతుంది. ముఖ్యమైన వీధి పేరు వియా దువోమో, దానికి అడ్డంగా సందులు. కొన్ని సందుల్లో ఎదురుగా మనిషొస్తే పక్కకి తిరిగి నిలబడాల్సిందే. పైన బట్టలు ఆరేసి ఉంటాయి, కింద ఎవరింటి ముందు వాళ్లు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాలుగడుగులు వేస్తే ఇళ్లు ఖాళీ. కిటికీలకీ గుమ్మాలకీ ఇటుకలు పెట్టి మూసేశారు, గోడలు పడిపోకుండా ఒక ఇంటికీ ఎదురింటికీ మధ్య దుంగలూ ఇనప పైపులూ ఆనించారు. చాలాచోట్ల ఆ దుంగల కిందనుంచే నడవాలి. పెద్ద పెద్ద భవనాలు, గుమ్మం మీద రాతి చెక్కడాలు, లోపల చెట్లు మొలిచాయి. ఇప్పుడు ఈ దీవి మొత్తం మీద ఉండేవాళ్లు రెండు మూడు వేలకు మించరంటారు.

ఎందుకిలా అయిందన్నది మీ వ్యాసంలో ఉండాల్సిన విషయం. 1860ల్లో పాత గోడలు పడగొట్టి తూర్పున కొత్త ఊరు కట్టడం మొదలెట్టారు, బోర్గో అంటారు. 1889లో నేవీ వాళ్ల ఆర్సెనల్, అంటే ఓడలు కట్టే, బాగుచేసే యార్డు వచ్చింది, దాంతో వేలల్లో ఉద్యోగాలు, జనం అటు కదిలారు. 1934లో ముస్సోలినీ స్వయంగా వచ్చి గునపం పట్టుకుని పాత ఊళ్లో కొంత భాగం పడగొట్టే పని మొదలెట్టించాడు, శుభ్రం చేస్తామన్న పేరుతో. ఆ తర్వాత 1960ల్లో స్టీల్‌ప్లాంటు. చేతిలో జీతం, కొత్త ఫ్లాట్లో లిఫ్టు, బాత్రూమ్, నీళ్లు. తేమ పట్టి పెచ్చులూడే ఇంట్లో ఎవరుంటారు? వెళ్లిపోయినవాళ్లని నేను తప్పుపట్టను. 1970ల్లో ఈ దీవిని కూలగొట్టకుండా, ఉన్నవాళ్లని పంపేయకుండా బాగుచేయాలని మంచి ప్లాను వేశారు, కొన్ని ఇళ్లు బాగుచేశారు కూడా, తర్వాత పని నీరుగారిపోయింది. 2020లో మున్సిపాలిటీ వాళ్లు కొన్ని ఇళ్లని ఒక్క యూరోకే ఇస్తామన్నారు, కొన్నవాళ్లు రిపేరు చేయించుకుని అక్కడే ఉండాలన్న షరతు మీద. మంచి ఆలోచనే. కానీ అక్కడే పుట్టి అక్కడే ఉండిపోయిన ముసలివాళ్ల ఇంటి పైకప్పు సంగతి ముందు చూడాలని నాకనిపించింది.

శిథిలాలే ఉన్నాయనుకునేరు, అలా కాదు. వియా దువోమోలో సాన్ కతాల్దో కేథడ్రల్ ఉంది, 11వ శతాబ్దంలో మొదలైన గుడి. లోపల కుడిపక్కన ఆ సెయింటు సమాధి మందిరం, గోడలన్నీ రంగురంగుల పాలరాతి ముక్కలు పొదిగి కట్టారు, పువ్వులూ తీగలూ పక్షులూ అన్నీ రాయే. ఆ సెయింటు ఐర్లాండు నుంచి వచ్చిన సన్యాసి. మే నెలలో ఆయన విగ్రహాన్ని ఓడలో పెట్టి సముద్రం మీద ఊరేగిస్తారు. దీవి చివర, మున్సిపల్ ఆఫీసు పక్కన, రెండు గ్రీకు స్తంభాలు రోడ్డు పక్కనే నిలబడి ఉంటాయి, క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటివి. స్పార్టా వాళ్లు సముద్రం దాటొచ్చి కట్టుకున్న ఊరు ఇది, క్రీ.పూ. 706లో అని చెబుతారు. అటు పక్కన అరగొనీస్ కోట, గుండ్రటి బురుజులతో. అది నేవీ చేతిలో ఉంది, నేవీ వాళ్లే ఉచితంగా తిప్పి చూపిస్తారు.

ఇక తిరిగే వంతెన. పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య కాలవ ఉంది, నేవీ ఓడలు చిన్న సముద్రంలోకి పోవడానికి దాన్ని వెడల్పు చేశారు. దాని మీద 1887లో ఇనప వంతెన కట్టారు, ఇప్పుడున్నది 1958లో మళ్లీ కట్టింది. రెండు ముక్కలుగా ఉంటుంది, ఓడ వచ్చినప్పుడు ఒక్కో ముక్కా తన ఒడ్డు వైపు తిరిగి దారి ఇస్తుంది. 2004లో నేవీ బేస్ బయటి సముద్రం వైపుకి మారిపోయాక ఇది తెరుచుకోవడం తగ్గింది గానీ, తెరిచినప్పుడు మాత్రం జనం రెండు ఒడ్లా నిలబడి ఓడలో వాళ్లకి చేతులూపుతారు, ఓడ అంత దగ్గరగా పోతుంది. ఈస్టర్ ముందు గురువారం అర్ధరాత్రి పాత ఊళ్లోని సాన్ దొమెనికో గుడి నుంచి దుఃఖమాత విగ్రహం బయల్దేరి ఈ వంతెన దాటి కొత్త ఊళ్లోకి వస్తుంది. మోసేవాళ్లు తెల్లటి బట్టలు కట్టుకుని, మొహాలు ముసుగుతో కప్పుకుని, చెప్పుల్లేకుండా, ఒక్కో అడుగూ ఊగుతూ ఊగుతూ వేస్తారు, అందుకే రాత్రి బయల్దేరింది మర్నాడు మధ్యాహ్నం దాకా నడుస్తూనే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం కొత్త ఊళ్లోని కార్మినే గుడి నుంచి ఇంకో ఊరేగింపు. విగ్రహం మోసే అవకాశం కోసం మట్టలాదివారం నాడు వేలం పాడతారు, వేల యూరోలు పలుకుతుంది. రెండు ఊళ్ల వాళ్లూ రెండు ఊరేగింపుల్లోనూ ఉంటారు. కుదిరితే ఆ వారంలోనే వెళ్లండి.

వంతెన దాటితే నిటారు వీధులు, తాటిచెట్లు, కాఫీ షాపులు, బట్టల కొట్లు. సాయంత్రం వియా దాక్వీనోలో ఊరంతా మంచి బట్టలు వేసుకుని నడుస్తుంటారు. నేను మాత్రం ఎక్కువసేపు గడిపింది మార్టా అనే పురావస్తు మ్యూజియంలో. కొత్త ఊరు కట్టడానికి పునాదులు తవ్వుతుంటే అడుగడుగునా గ్రీకుల సమాధులు బయటపడ్డాయి. కొత్త ఊరు లేచింది పాత గ్రీకు నగరం నెత్తి మీదే. అందుకే 1887లో మ్యూజియం పెట్టారు. బంగారు నగల గది చూస్తే మన కంసాలి వీధుల వాళ్లు కూడా ముక్కున వేలేసుకుంటారు: చెవిపోగులు, ఆకుల కిరీటాలు, నూలుపోగంత సన్నటి తీగ పని. ఒక వస్తువు దగ్గర నుంచి నేను కదల్లేకపోయాను. బాదంకాయలు కొట్టుకునే చిన్న కంచు కత్తెర లాంటిది, రెండు ఆడ చేతుల ఆకారంలో చేశారు, మణికట్టుకి బంగారు కంకణాలతో సహా. రెండు అరచేతులూ కలిస్తే మధ్యలో కాయ పగులుతుంది. ఒకావిడ సమాధిలో దొరికిందట. రెండువేల ఏళ్ల పైబడిన వస్తువు. ఆవిడ రోజూ చేత్తో పట్టుకున్నదే కాబోలు, ఆవిడతోనే పెట్టి పంపించారు.

ఇంకా తూర్పుకి పోతే 1960లు, 70ల నాటి అపార్ట్‌మెంట్ల మధ్యలో ఇంకో కేథడ్రల్. జో పోంతి అనే పెద్ద ఆర్కిటెక్టు కట్టాడు, 1970లో తెరిచారు. స్టీలు డబ్బుతో ఊరు పెరుగుతోంది కాబట్టి కొత్త ఊరికి కొత్త గుడి కావాలనుకున్నారు. ముందు భాగం పైన తెరచాపలా లేచిన తెల్లటి కాంక్రీటు గోడ, నిండా కిటికీల్లాంటి ఖాళీలు, వాటిలోంచి ఆకాశం కనబడుతుంది. కింద నీటి తొట్లు. ఎవరూ ఎక్కలేని, గాలికీ చూపుకీ మాత్రమే అందే గోడ. మీ వ్యాసంలో దీని పేరు కూడా లేదు.

ఇప్పుడు స్టీల్‌ప్లాంటు సంగతి, ఎందుకంటే అది లేకుండా కొత్త ఊరి కథ సగమే. ఆలివ్ తోటలు కొట్టేసి 1960లో పని మొదలెట్టారు, 1965లో ఇటలీ అధ్యక్షుడు వచ్చి ప్రారంభించాడు. ప్రభుత్వ కంపెనీ, ఒక దశలో 20 వేల మందికి పైగా ఉద్యోగులు. 1981కి ఊరి జనాభా 2 లక్షల 44 వేలకు చేరింది. 1995లో ప్రైవేటుకి అమ్మేశారు. ప్లాంటు వైశాల్యం ఊరి కన్నా ఎక్కువ, దాని గోడని ఆనుకునే తాంబూరి అనే పేట, కార్మికుల ఇళ్లు. ఎర్ర దుమ్ము బాల్కనీల మీద, బట్టల మీద, శ్మశానంలో సమాధుల మీద. 2008లో ప్లాంటు చుట్టుపక్కల మేసిన గొర్రెల్లో డయాక్సిన్ అనే విషరసాయనం దొరికింది, మందలకి మందలు చంపేశారు. 2011లో చిన్న సముద్రంలో ఒక భాగంలో మస్సెల్స్ పనికిరావన్నారు, వాటినీ పారబోశారు. ఆ బల్ల దగ్గర మస్సెల్స్ విప్పే ఆయన ఏ రేవువో, ఎక్కడ పెంచినవో అడగకుండానే చెప్పాడు, మా మేనకోడలు తెలుగులో చెప్పింది. కొన్నవాళ్లందరికీ ముందు అది చెప్పాకే తూకం వేస్తున్నాడు.

2012 జులైలో ఒక జడ్జి ఈ కాలుష్యం కారణంగా ప్లాంటులో ముఖ్యమైన విభాగాలని సీజ్ చేయమని ఆర్డరిచ్చింది. ఊరు రెండుగా చీలింది. ఉద్యోగం పోతుందని కొందరు, పిల్లలు పోతున్నారని కొందరు, ఒకే ఇంట్లో ఇద్దరూ. ఆ ఆగస్టులో యూనియన్ల సభ జరుగుతుంటే కొందరు కార్మికులూ ఊరివాళ్లూ మూడు చక్రాల ఆపే బండి మీద సభ మధ్యలోకి వచ్చారు. అవును, మన పల్లెల్లో తిరిగే ఆ ఆపే బండే, ఇటలీదే. ఉద్యోగమా ఆరోగ్యమా తేల్చుకోమంటే ఒప్పుకోం, రెండూ కావాలన్నారు. ఆ తర్వాత ఏడాది నుంచి వాళ్లే మే డే నాడు పెద్ద పాటల సభ జరుపుతున్నారు. ఖనిజం గుట్టల మీద పెద్ద షెడ్లు కట్టి కప్పాక దుమ్ము కొంత తగ్గింది. చేతులు మారి మారి 2024 నుంచి ప్లాంటు మళ్లీ ప్రభుత్వం నియమించిన వాళ్ల అజమాయిషీలో ఉంది. గాలి జోరుగా ఉన్న రోజుల్లో తాంబూరి వాళ్లని కిటికీలు మూసుకోమని చెబుతారు. ఫర్నేసు దగ్గర పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఆ రెండు బాధల్లో దేన్నీ నేను తేలిగ్గా తీసుకోలేను. మా ప్లాంటు ఉండాలని విశాఖలో మేమూ రోడ్డెక్కాం. వన్‌టౌన్‌లో మా అమ్మ పొద్దున్నే కిటికీ చువ్వలు తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా అయ్యేది.

మనకి ఇంకో బంధం కూడా ఉంది. 1943 సెప్టెంబర్‌లో భారత సైన్యం 8వ డివిజన్ ఇటలీలో అడుగుపెట్టింది ఈ రేవులోనే. దానికి మూడేళ్ల ముందు, 1940 నవంబర్ 11 రాత్రి, బ్రిటిష్ విమానాలు ఇదే రేవులో ఇటలీ యుద్ధనౌకల్ని కొట్టాయి. ఒడ్డున కూర్చుని మా మేనకోడలికి ఇది చెబితే అది ఫోనులో వెతికి చదువుకుంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. ఒకరోజులో వచ్చి పోదామనుకోకండి, రాత్రి ఉండండి. సోమవారం మ్యూజియం ఉండదు. పాత ఊళ్లో ఇళ్లలోకి ఫోన్లు పెట్టి ఫొటోలు తీయకండి, అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు, పలకరిస్తే వాళ్లే నవ్వుతూ మాట్లాడతారు. కోటకి ఎండ తగ్గాక వెళ్లండి. 2026 మధ్యధరా క్రీడలు ఈ ఊళ్లోనే, కాబట్టి పేరు ఎక్కువ వినబడుతుంది, హోటళ్ల రేట్లు కూడా చూసుకోండి.

మీకు నా విన్నపం ఏమిటంటే, ఆ వ్యాసం రాసినవారిని ఇంకోసారి పంపించి టారంటోకి ఒక పూర్తి పేజీ ఇవ్వండి, రెండు ఊళ్లూ, ప్లాంటూ అన్నీ కలిపి. ఆ తర్వాతి వారం మన వన్‌టౌన్‌కి ఒక పేజీ. మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి పక్కపక్కనే ఉన్న పేట అది, పాత మేడలు ఇంకా కొన్ని నిలబడే ఉన్నాయి, వాటిలో జనం ఉండగానే రాయాలి. మీ విలేఖరి వస్తానంటే పొద్దున్న ఆరింటికి కోట వీధి దగ్గర ఉంటాను, నడిచే తిప్పుతాను.

ఇట్లు,
రిటైర్డ్ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి,
విశాఖపట్నం